రానివాడు ఓడినట్టే

మా ఆయనకి మైకు అన్న పేరు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. అది చెప్పకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

ఎనభైల్లో మా నల్లరేగడి అంతా పత్తి. పొగాకు వేసేవాళ్ళూ, మిరప వేసేవాళ్ళూ కూడా పత్తికే మళ్ళారు. మేమూ కొంత మిరపకి ఉంచుకుని మిగతాదంతా పత్తి వేశాం. మా పత్తి చేను ఊరికి ఆనుకుని, రోడ్డు పక్కనే ఉండేది. అలా ఉండటమే దాని పాపం. వ్యవసాయ ఆఫీసు నుంచి మా ఊరికి వచ్చే చిన్న ఆఫీసరు దాన్ని చూసి, "అందరి కళ్ళా పడే చేను బావగారూ, కొత్త మందు ఇక్కడే కొట్టి చూపిద్దాం" అన్నాడు. కుర్రవాడు. మోపెడ్ మీద వచ్చేవాడు. ఎండన పడి వచ్చాడని మజ్జిగ ఇచ్చేదాన్ని. పొద్దుపోతే అన్నం పెట్టేదాన్ని. గోంగూర పచ్చడి మారు వేయించుకుని, "అక్కయ్యా, మా అమ్మకి చెప్పమాకండి గానీ ఆవిడకి ఇది చాతకాదు" అనేవాడు. నేను మురిసిపోయి ఇంకాస్త వేసేదాన్ని. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొచ్చినా ఒళ్ళు మండుతుంది.

గట్టు మీద రేకు బోర్డు పాతారు. ఆఫీసు వాళ్ళ పవర్ స్ప్రేయరు తెచ్చి, రెండు రకాల మందులు కలిపి చేనంతా కొట్టారు. పచ్చపురుగు చచ్చి రాలింది. చచ్చిన మాట నిజమే. ఇంకేం, ఊళ్ళో మీటింగు పెడదామన్నారు. ట్రాక్టరు ట్రక్కు మీద మైకు బిగిస్తుంటే, చిన్న ఆఫీసరు మా అరుగు మీద కూర్చుని మా ఆయనకి ఏం మాట్లాడాలో చెప్పాడు. నేను గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. ప్రతి మాటా విన్నాను.

"నా చేలో కొట్టాను, పురుగు పోయింది, మీరూ కొట్టండి అని చెప్పండి బావగారూ. అంతే."

"పురుగు పోయిన సంగతి చెబుతా. మీరూ కొట్టండని నేనెట్టా చెప్పేదయ్యా? ఇంకా కాయ పగల్లా, పత్తి తియ్యలా. పంట చూడకుండా ఊరికి చెప్పేస్తే ఎట్టా?"

"మేం చెబితే గవర్నమెంటోళ్ళ మాట అనుకుంటారు. మీరు చెబితే మనోడు చెప్పాడనుకుంటారు. నా మాట మీద చెప్పండి. ఏదన్నా అయితే నేను లేనా?"

మా ఆయన నా వైపు చూశాడు. ఇంట్లో అన్నం తిన్న మనిషి అడుగుతుంటే కాదనటం ఎలా అన్నట్టు చూశాడు. నేను చిక్కుళ్ళ వైపు చూసుకున్నాను. ఆయన ట్రక్కెక్కి, చెప్పమన్నది చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఊరు ఊరంతా అదే మందు తెచ్చి కొట్టింది.

తర్వాత తెల్లదోమ లేచింది. ఆ మందులు కలిపి కొట్టిన చేలల్లోనే ముందు లేచింది. చేలో అడుగు పెడితే పొగలా పైకి లేచి ముక్కుల్లోకీ కళ్ళల్లోకీ వచ్చేది. ఆకు మీద జిగురు, ఆ జిగురు మీద మసి. పచ్చటి చేను బొగ్గుల కుప్పలా నల్లబడింది. ఇంకో మందు కొట్టారు, ఆపైన ఇంకోటి. పూత రాలింది, పిందె రాలింది, పగిలిన కాయలో దూది కూడా నల్లగా మసి పట్టి వచ్చింది. మా చేను కూడా అలాగే పోయింది. కానీ ఆ మాట ఎవరికీ పట్టలేదు. మైకులో చెప్పిన గొంతు ఎవరిదో అదే గుర్తుంది అందరికీ.

మందుల కొట్టువాడు మా ఆయనకి స్ప్రేయరు లంచంగా ఇచ్చాడని ఒకరన్నారు. ఆ స్ప్రేయరు మీటింగు మర్నాడే ఆఫీసుకి వెళ్ళిపోయింది, ఊరంతా చూసింది. అయినా అన్నారు. మాలో మాకు బదులు పని ఉండేది. నా మిరప చేలోకి వాళ్ళు వచ్చి కాయ కోస్తే, వాళ్ళ చేలోకి నేను వెళ్ళి కోసేదాన్ని. ఆ ఏడు కోత మొదలైతే ఎవరూ రాలేదు. పండుకాయ చెట్టు మీదే వడలి తాలుగాయ అవుతుంటే మేమిద్దరమే పొద్దున్నించీ పొద్దుగూకేదాకా కోశాం. బోరింగు దగ్గరికి వెళితే మాట వినపడేది.

"జరగండమ్మో, మైకు గారి పెళ్ళాం వచ్చింది. ఏం చెప్పుద్దో, విని బాగుపడదాం!"

ఆ మాట అన్నది నాకు వరసకి తోటికోడలు. పక్కిల్లు. నా పెద్ద కాన్పుకి మంత్రసాని వచ్చేలోపు నా చెయ్యి పట్టుకున్న మనిషి. నేను బిందె నింపుకుని, "నీ మొగుడి చెయ్యి పట్టుకుని మందు కొట్టించాడా నా మొగుడు?" అని వచ్చేశాను. ఇంటికొచ్చాక గానీ ఏడవలేదు.

మా ఆయన మటుకు ఏమీ అనేవాడు కాదు. ఒకటే మాట. "నేను ఎందుకు చెప్పానో ఆ అబ్బాయి వచ్చి అందరి ముందూ చెబితే చాలు. నేనే చెప్పమన్నానని ఒక్క ముక్క." చిన్న ఆఫీసరు మా ఊరికి రావటం మానేశాడు. వేరే ఊళ్ళు చూస్తున్నాడని చెప్పారు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిన ప్రతిసారీ ఆ అబ్బాయి క్యాంపులో ఉన్నాడనేవాళ్ళు.

అలాంటప్పుడు సభాసంఘం వస్తున్నదన్న కబురు వచ్చింది. పత్తి ఎందుకు పోయిందో తేల్చటానికి అసెంబ్లీ నుంచి కొంతమంది ఎమ్మెల్యేలు వస్తారట, పక్క టౌనులో బంగళాలో కూర్చుని విచారిస్తారట, ఆఫీసర్లందరినీ పిలిచి అడుగుతారట, రైతులు కూడా వచ్చి చెప్పుకోవచ్చట. మా ఊరి పెద్దాయన చావిడి దగ్గర అందరికీ చెప్పాడు. తగువులు తీర్చేది ఆయనే. మా ఆయనకి వరసకి మేనమామ. ఆయన చేను కూడా పోయింది. ఆయనా మాతో మాట్లాడటం మానేశాడు.

ఆ మాట విన్న రోజు మా ఆయన తెల్ల చొక్కా తీసి నాకిచ్చాడు. "నీలిమందు పెట్టు" అన్నాడు. ఆ ఏడంతా అంత నిమ్మళంగా ఆయన మొహం నేను చూడలేదు. "నేను పెద్దగా చెప్పేదేం లేదు. ఆ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగమంటా. నువ్వు చెప్పమంటేనే చెప్పాడా, లేదా? అంతే. ఎమ్మెల్యేలు అడిగితే చెప్పక చస్తాడా!"

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర తగువు వస్తే చావిడి దగ్గర పెద్దమనుషులు కూర్చునేవాళ్ళు. రెండు పక్షాలకీ కబురు వెళ్ళేది. ఒకడు వచ్చి కూర్చుని, ఇంకొకడు రాకపోతే మళ్ళీ కబురు పంపేవాళ్ళు. అప్పటికీ రాకపోతే వచ్చినవాడిదే గెలుపు. వాడు నోరు విప్పనక్కర్లేదు. "న్యాయం ఉన్నోడైతే రాక యాడికి పోతాడు?" అనేవాడు పెద్దాయన. గట్టు తగువైనా, గొడ్డు చేలో పడిన తగువైనా అంతే. రానివాడు ఓడినట్టే. మాకు తెలిసిన విచారణ అది. అన్ని విచారణలూ అలాగే ఉంటాయనుకున్నాం.

రెండు ట్రాక్టర్ల మీద బయల్దేరాం. నల్లబడ్డ పత్తి మొక్కలు వేళ్ళతో సహా పీకి కట్టలు కట్టుకున్నారు మగవాళ్ళు. మేము ఎక్కిన ట్రక్కులో మా పక్కన చోటున్నా ఎవరూ కూర్చోలేదు. మా ఆయన చొక్కా నలగకుండా నిలబడే వచ్చాడు.

బంగళా ముందు షామియానా. లోపల హాల్లో పొడుగాటి బల్ల, తెల్ల దుప్పటి, కుర్చీలు, కూల్ డ్రింకులు. మగవాళ్ళని గుమ్మం లోపలిదాకా రానిచ్చారు. ఆడవాళ్ళం వరండాలో కిటికీల దగ్గర నిలబడ్డాం. మా పక్క ఊళ్ళవాళ్ళు పొద్దున్నే వచ్చి కాసేపు కూర్చుని, ఎమ్మెల్యేలు ఆలస్యంగా వస్తారని ఎవరో చెబితే వెళ్ళిపోయారు. కార్లు దిగి వాళ్ళు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బల్లకి ఇవతల ఒక కుర్చీ వేసి ఉంచారు. అది జిల్లా వ్యవసాయ పెద్ద ఆఫీసరు కూర్చోవలసిన కుర్చీ. ఖాళీగా ఉంది.

ఆ కుర్చీ పక్కన ఒకాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్ద ఆఫీసరు పంపిన మనిషి. చాలా మర్యాదగా చెప్పాడు. తమ ఆఫీసరుగారు రావటం లేదని, ప్రభుత్వం అనుమతి ఇవ్వకుండా జిల్లాలో పనిచేసే ఏ ఆఫీసరూ సంఘం ముందు నోరు విప్పకూడదని, ఏం అడగాలన్నా హైదరాబాదులో శాఖ కార్యదర్శిగారిని అడగాలని, కింద పనిచేసేవాళ్ళని పిలిచే హక్కు సంఘానికి లేదని తమ వాళ్ళ అభిప్రాయమని.

అధ్యక్షుడు బల్ల మీద అరచెయ్యి వేసి కొట్టాడు. కూల్ డ్రింకు సీసా పడి దుప్పటంతా తడిసింది.

"హక్కు లేదా? మేము ఎవరమనుకుంటున్నాడయ్యా మీ ఆఫీసరు? ప్రజలు ఓట్లేసి పంపితే వచ్చాం. శాసనసభ పిలిస్తే రాడా?"

"రాననలేదండి. అనుమతి లేదన్నారు."

"అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? మేమా, మీ కార్యదర్శా? దీన్ని నేను సభలో పెడతా. సభా హక్కుల కింద నోటీసిస్తా. చేతులు కట్టుకుని వచ్చి నిలబడాలి!"

బల్ల చివర కూర్చున్న ఇంకో ఎమ్మెల్యే, అధికార పక్షం ఆయన, చిన్నగా నవ్వుతూ అన్నాడు. "కోపం ఎందుకండీ అధ్యక్షా? రూలు ప్రకారమే చెప్పాడాయన. రేపు కానిస్టేబుల్ని కూడా పిలిచి కూర్చోబెడదామా?"

"అవసరమైతే పిలుస్తాం! మీ ఆఫీసర్లని మీరు వెనకేసుకు రావటానికి వచ్చారా, విచారణకి వచ్చారా?"

"మీరు విచారణకి వచ్చారా, రేపు పేపర్లో పడటానికి వచ్చారా?"

అక్కడ మొదలైంది. ఏ సభలో ఎవరు ఎవరిని పిలిచారో, ఎవరు రాలేదో, ఎవరు క్షమాపణ చెప్పారో. రూలు పుస్తకం తెప్పించారు. ఒకాయన చదివితే ఇంకొకాయన దానికి అర్థం అది కాదన్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని విన్నాను. ఎంతసేపు విన్నా పత్తి అన్న మాట రాలేదు. దోమ అన్న మాట రాలేదు. మావాళ్ళు మోసుకొచ్చిన మొక్కలు గుమ్మం దగ్గర కుప్పగా పడి ఉన్నాయి. వాటి మసి అంటుతుందని బంట్రోతు ఒకడు కాలితో పక్కకి నెట్టాడు.

దాహమేసి బంగళా వెనకాల కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ వంటగది గోడ నీడలో ఒక జీపు ఆగి ఉంది. జీపులో చిన్న ఆఫీసరు.

నన్ను చూసి దిగాడు. దిగి మళ్ళీ ఎక్కబోయి ఆగిపోయాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది.

"ఇక్కడ కూర్చున్నావేందయ్యా?" అన్నాను. ఎప్పుడూ మీరు అనేదాన్ని. ఆ రోజు నువ్వే వచ్చింది.

"రమ్మన్నారక్కయ్యా. వచ్చాక లోపలికి వెళ్ళొద్దన్నారు."

"అన్నది ఎవరు?"

"మా పెద్దాఫీసరు. అనుమతి వస్తే వెళ్ళాలంట. రాకపోతే ఇక్కడే."

"మీ బావ అక్కడ నిలబడి ఉన్నాడు. నీ కోసమే వచ్చాడు. వచ్చి ఒక్క మాట చెప్పి పో."

"నా ఉద్యోగం పోద్దక్కయ్యా. కొత్తగా పెళ్ళయింది."

"నా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నావో నేనెప్పుడన్నా అన్నానా? ఇవాళ అంటున్నా. ఏదన్నా అయితే నేను లేనా అన్నావే. ఇప్పుడు ఉన్నావా, లేవా?"

జీపెక్కి కూర్చున్నాడు. నీళ్ళు తాగకుండానే వచ్చేశాను. మగవాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళి మా ఆయన చెవిలో చెప్పాను. ఆయన మొహం వెలిగింది. చొక్కా సర్దుకుని ముందుకు వెళ్ళి చెయ్యెత్తాడు.

"అయ్యా, నాదొక మాట."

అధ్యక్షుడు వినలేదు. మా ఆయన గొంతు పెంచాడు. మైకు దగ్గర పలికిన గొంతు అది.

"అయ్యా! మాకు మందు కొట్టమని చెప్పిన ఆఫీసరు ఇక్కడే ఉన్నాడు. వెనకాల జీపులో కూర్చుని ఉన్నాడు. పిలిచి అడగండి. ఒక్క ప్రశ్న చాలు."

హాల్లో అందరూ ఆయన వైపు తిరిగారు. ఇప్పుడు పిలుస్తారనుకున్నాను. పది అంగల్లో మనిషి ఉన్నాడు. కేకేస్తే వినపడుతుంది.

అధ్యక్షుడు చిరాగ్గా చూశాడు. "మేం అడుగుతున్నది కిందోళ్ళని కాదయ్యా. పెద్దాఫీసరు రావాలి. ఆయన రాకుండా కిందోడిని పిలిస్తే మేం తగ్గినట్టు అవుతుంది."

పెద్ద ఆఫీసరు పంపిన మనిషి వెంటనే అందుకున్నాడు. "అవునండి. ఆయన మాట్లాడటానికి కూడా లేదండి."

అధికార పక్షం ఆయన కూడా తల ఊపాడు. వచ్చిన దగ్గర్నించీ కొట్టుకుంటున్నవాళ్ళందరికీ కుదిరిన మాట అదొక్కటే.

మా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి నా సంగతి ఎట్టాగయ్యా?"

"నువ్వు కూర్చోవయ్యా. ఇది సభకీ ప్రభుత్వానికీ మధ్య వ్యవహారం. నీది కాదు."

ఇన్నేళ్ళయింది. ఆ మాట మీద నా కోపం ఇంత కూడా తగ్గలేదు. నీది కాదట. చేను మాది. మందు కొట్టిన చేతులు మావి. ఆ వాసనకి రోజుల తరబడి అన్నం సయించనిది మాకు. ఊళ్ళో తలదించుకుని తిరిగింది మా ఆయన. అయినా వ్యవహారం మాది కాదు. వాళ్ళిద్దరిదీ. మేము సాక్ష్యానికి వెళ్ళామనుకున్నాం. వాళ్ళ లెక్కలో మేము వాళ్ళ తగువు చూడటానికి వచ్చిన జనం.

అప్పుడు మా ఊరి పెద్దాయన లేచాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. ఎమ్మెల్యేల వైపు కాదు, మావాళ్ళ వైపు తిరిగి అన్నాడు.

"కబురు పోయింది. రాలా. కుర్చీ ఖాళీ. ఇంక వినేదేముందిరా? వాడు ఓడిపోయినట్టే. మనం గెలిచాం. పదండి."

ఎవరో ఈల వేశారు. అందరూ లేచారు. ఎమ్మెల్యేలు మళ్ళీ రూలు పుస్తకంలో పడ్డారు, మమ్మల్ని ఆపినవాడు లేడు. నేను బంగళా వెనక్కి పరుగెత్తి చూశాను. జీపు లేదు.

మా ఆయన కదల్లేదు. "మావా, ఆగు మావా. ఆ అబ్బాయి చెప్పలేదుగా. మనమూ చెప్పలేదుగా" అన్నాడు. పెద్దాయన దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. అన్ని నెలల తర్వాత మొదటిసారి. "పిచ్చోడా, వాడు మొహం చూపించలేకపోయాడంటే తప్పెవరిదో తేలలా? నీ మీద మచ్చ పోయింది. రా, ట్రాక్టరెక్కు." నాకు తోటికోడలైన ఆ మనిషి వచ్చి నా రెక్క పట్టుకుంది. "రావే, కోపం పెట్టుకోమాక" అంది.

ఆ చెయ్యి భుజం మీద పడ్డాక మా ఆయన కదిలాడు. ఎక్కాడు. నేనూ ఎక్కాను. దారిలో కొట్టు దగ్గర ఆపి కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు పొద్దున్నే నా మిరప చేలోకి ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చి దిగారు. పాటలు, ఎకసెక్కాలు. ఆ కొద్ది రోజులూ మా ఇంట్లో పండగలా ఉంది. మా ఆయన మాత్రం ఆ చొక్కా ఉతకనివ్వలేదు. చిలక్కొయ్యకి అలాగే తగిలించాడు. "ఇంకా పని ఉంది దానితో" అన్నాడు.

తీర్పు ఎప్పుడు వస్తుందో కనుక్కోవటానికి పెద్దాయన టౌనుకి వెళ్ళాడు. బంగళా వాచ్‌మన్ నవ్వాడట. "తీర్పేందండీ? మీరు పొయ్యాక వాళ్ళు భోజనాలు చేసి, రైతులెవరన్నా ఉన్నారా అని కేకేయించారు. ఒక్కడూ లేడు. మాకు ఎవరూ ఫిర్యాదు చెప్పలేదు అని రాసుకుని కార్లెక్కారు" అన్నాడట.

ఆ సాయంత్రం చావిడి దగ్గర జనం మూగారు. మమ్మల్నీ పిలిచారు. పెద్దాయన గొంతు మారిపోయింది.

"నువ్వు మధ్యలో లేచి అడ్డం మాట్లాడబట్టే ఆ అధ్యక్షుడికి కోపమొచ్చింది. లేకపోతే మనల్ని ముందే పిలిచేవాడు. మైకు దొరికితే చాలు నీకు!"

జనం నవ్వారు. మా ఆయన తల దించుకున్నాడు. చావిడి ముందు ఆడది మాట్లాడటం మా ఊళ్ళో లేదు. ఆ రోజు మాట్లాడాను.

"పదండి అన్నదెవరు మావా? ఈయనా? గెలిచాం అన్నదెవరు? ఆగు మావా అని ఈయన కాళ్ళా వేళ్ళా పడితే, భుజాన చెయ్యేసి ట్రాక్టరెక్కించింది ఎవరు?"

"ఆడదానివి, నువ్వు నోరు మూసుకో."

"నోరు మూసుకునే కదా ఇంతదాకా వచ్చింది! ఆ కుర్రాడు ఈయనకి నేర్పుతుంటే గుమ్మంలో కూర్చుని విన్నా. నన్నడగండి, నేను చెబుతా సాక్ష్యం. మీరూ వినరు, వాళ్ళూ వినరు!"

"మొగుడి కోసం పెళ్ళాం చెప్పేది సాక్ష్యమంట!" అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వారు. మర్నాడు నా చేలోకి ఎవరూ రాలేదు. తోటికోడలు గోడ అవతల నుంచి నన్ను చూసి లోపలికి పోయింది.

ఆ తర్వాత నెలల తరబడి రేడియో వార్తల్లో ఈ గొడవ వచ్చేది. సభలో ఆ అధ్యక్షుడు లేవనెత్తాడు. ఆఫీసర్లు రావాలా అక్కర్లేదా అని చర్చ. అరుపులు, వాకౌట్లు. మా ఆయన రేడియో పక్కన కూర్చుని ఒక్క మాట పోనివ్వకుండా వినేవాడు. చివరికి ఒక రోజు చెప్పారు. ఆ జిల్లా ఆఫీసరు సభకి విచారం తెలిపాడట, సభ్యులు పెద్దమనసుతో ఒప్పుకున్నారట, అంతటితో ముగిసిందట.

మా ఆయన రేడియో కట్టేశాడు. "విచారం ఎవరికి చెప్పాడు?" అని నన్నడిగాడు.

"వాళ్ళకి."

"దేనికి?"

"రానందుకు."

చేను నల్లబడినందుకు కాదు. మా ఆయన్ని ఊళ్ళో వెలివేయించినందుకు కాదు. వాళ్ళ బల్ల ముందుకి రానందుకు. వాళ్ళు వాళ్ళు రాజీపడ్డారు. ఆ రాత్రి చిలక్కొయ్య మీద చొక్కా తీసి నేనే ఉతికేశాను. ఆయన చూశాడు.

ఏళ్ళు గడిచాయి. ఊరి కోపం ఎవరూ చల్లార్చకుండానే చల్లారింది. మళ్ళీ బదులు పనులు, పేరంటాలు. ఎవరూ తప్పయిందని అనలేదు, మేము అడగలేదు. పేరు మాత్రం మిగిలింది. ఇంట్లో పిల్లల పెళ్ళిళ్ళయ్యాక మధ్యాహ్నాలు ఊరి బడిలో పెద్దవాళ్ళకి అక్షరాలు చెబుతున్నారంటే వెళ్ళి నేర్చుకున్నాను. నేను మొదట కూడబలుక్కుని చదివింది మా గట్టు మీద తుప్పు పట్టి వంగిపోయిన ఆ రేకు బోర్డే. ప్రదర్శన క్షేత్రం అని ఉంది. కింద మా ఆయన పేరు. ఆఫీసరు పేరు ఎక్కడా లేదు. దాన్ని పీకి తెచ్చి గేదెల కొట్టం తడికెకి కన్నం పడితే అడ్డం పెట్టాను.

ఒక రోజు పర్చూరు బస్టాండులో నిలబడ్డాను. మా ఊరి బస్సు వచ్చి ఆగింది. బోర్డు నేనే చదువుకుని ఎక్కబోతుంటే వెనకనుంచి "అక్కయ్యా" అన్నారు.

చిన్న ఆఫీసరు. ఇప్పుడు చిన్నవాడు కాదు. జుట్టు నెరిసింది, బొజ్జ వచ్చింది, పట్టుపంచె కట్టుకున్నాడు. చుట్టాల పెళ్ళికి వచ్చాడట.

"గుర్తుపట్టారా అక్కయ్యా? బావగారు బాగున్నారా?" అని, నేను జవాబు చెప్పకముందే గొంతు తగ్గించి అన్నాడు. "ఆ రోజు తప్పు చేశానక్కయ్యా. ఆయన వద్దంటున్నా నేనే చెప్పమన్నాను. మందులు కలిపి కొట్టమని పైనుంచి నాకు చెప్పారు, నేను ఆయనతో చెప్పించాను. ఆయన తప్పు ఇసుమంత లేదు. ఇన్నాళ్ళూ ఇది గుండెల్లో పెట్టుకుని తిరుగుతున్నా. మిమ్మల్ని చూశాను, చెప్పేశాను."

కళ్ళు తుడుచుకున్నాడు. మొహం తేలికపడింది. నాకు ఒళ్ళు భగ్గుమంది. మేము ఊళ్ళో మాట పడి, ఊరి ముందు నిలబడి, రేడియో ముందు కాచుకుని ఎదురుచూసిన మాట అదే. అక్షరం తేడా లేకుండా అదే. దాన్ని తెచ్చి పెళ్ళి భోజనం చేసి వచ్చి బస్టాండులో నా చెవిలో పోశాడు.

"నాకు చెప్పేదేముందయ్యా? నేను ఆ రోజే విన్నాను, గుమ్మంలో కూర్చుని" అన్నాను. "ఇదుగో, బస్సు మా ఊరికే. ఎక్కు. చావిడి దగ్గర దిగి నలుగురు ఉన్నప్పుడు ఈ మాటే చెప్పి, వచ్చే బస్సుకి తిరిగి వచ్చెయ్. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటకి నీ ఉద్యోగమేం పోదు."

"ఇప్పుడా? మా ఆవిడ అక్కడ కళ్యాణ మండపంలో..."

"ఆవిడకి కబురు పెట్టు. నేను ఆపుతా బస్సుని."

"ఇన్నేళ్ళయ్యాక ఎందుకు లెండక్కయ్యా? అందరూ మర్చిపోయి ఉంటారు. మళ్ళీ కెలికినట్టు ఉంటుంది. ఇంకోసారి తప్పకుండా వస్తా."

"తలుపు మూసెయ్యమంటారా, ఎక్కుతారా అమ్మా?" అని కండక్టరు అరిచాడు. "ఒక్క నిమిషం బాబూ, ఇద్దరం" అన్నాను. వెనక్కి తిరిగేసరికి ఆయన రోడ్డు దాటుతున్నాడు. పంచె కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, లారీకి అడ్డం పడి మరీ దాటుతున్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కల్లంలో ఉన్నాడు. ఎండిన మిరపకాయల్ని పలక చెక్కతో కుప్పకి లాగుతున్నాడు. చెప్పాలా వద్దా అని దారి పొడుగునా అనుకున్నాను. చెప్పాను. ఆ అబ్బాయి అన్న ప్రతి మాటా చెప్పాను. ఆయన పలక చెక్క పక్కన పెట్టి, తుమ్ము ఆపుకుంటూ, శ్రద్ధగా విన్నాడు.

అంతా విన్నాక ఒక్కటే అడిగాడు.

"మనూరోళ్ళు ఎవరన్నా ఉన్నారా అక్కడ?"

"లేరు."

"ఊఁ" అన్నాడు. మళ్ళీ పలక చెక్క అందుకున్నాడు.

రోడ్డు మీద సైకిల్ మీద వెళుతున్న ఒకతను, ఆ పత్తి పోయిన ఏడు ఇంకా పుట్టి కూడా ఉండడు, కాలు ఆనించి కేకేశాడు. "ఏం మైకు తాతా, కాయ ఎండిందా?" ఆ పిలుపులో కుళ్ళు లేదు, ఎగతాళి లేదు. ఆ పేరు ఎందుకొచ్చిందో అతనికి తెలియదు.

"ఎండిందిరా" అన్నాడు మా ఆయన.

నేను చేతిలో సంచి కింద పడేసి రోడ్డు మీదికి వెళ్ళాను. అతన్ని సైకిల్ దింపి, గట్టు మీద కూర్చోబెట్టి, మొదటి నుంచి చెప్పాను.